నాడి చేబదులు

జ్యేష్ఠ శుద్ధ తదియ, తూముగట్టు

సమితికి పంపే నమోదు వేరే ఉంది. అందులో ఎండ ఎంత, తేమ ఎంత, మనుషులెందరు అన్నవి తప్ప మరో ముక్క రాయకూడదు. ఇది నా సొంతం. ఇందులో ఎవరినైనా తిట్టుకోవచ్చు.

ముందు పడవవాణ్ణి తిట్టుకుంటాను. పోటు తగ్గేదాకా ఆగవయ్యా అంటే ఆగకుండా తీసుకొచ్చి, గట్టు మెట్ల దగ్గర నడుంలోతు ఉప్పునీళ్ళలో దింపాడు. "ఆరోగ్య సమితి మేడమ్ గారికి ఆరోగ్యమే లెండి," అన్నాడు పైగా. కొలత పెట్టె నెత్తిన పెట్టుకుని, తడిసిన చీర ఈడ్చుకుంటూ పైకెక్కాను. ఇక్కడ తేదీలన్నీ తిథుల్లోనే చెబుతారు. పోటుపాట్లు చంద్రుణ్ణి బట్టి కనక పడవ ఎక్కాలంటే నాకూ అదే గతి.

నన్ను పంపడానికి కారణం తూముగట్టు లెక్కలు మరీ బాగుండటం. జ్యేష్ఠం ఎండలో ఉప్పుమడుల్లో పనిచేసే మనుషుల గుండెలు, కొండనగరంలో చల్లటి గదుల్లో కూర్చునే గుమాస్తాల గుండెలకన్నా నిదానంగా కొట్టుకుంటున్నాయట. సమితి మురిసిపోయి, మెట్ల దగ్గర 'ఆదర్శ గట్టు' అని బోర్డు కూడా పెట్టింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళుగా డేటాతో కాపురం చేస్తున్నాను. అది ఇంత బుద్ధిగా కూర్చుందంటే ఏదో దాస్తున్నట్టే.

మా డైరెక్టర్ ఇందుమతి గారూ అదే అన్నారు. "వెళ్ళి చూసిరా తల్లీ. నీ కంటపడనిది ఉండదు." నాకీ వృత్తి నేర్పింది ఆవిడే. చదువయ్యాక నేను పంటల బీమా ఆఫీసులో చేరబోతుంటే, "మనుషుల్ని బతికించే లెక్కలు చేద్దువుగాని రా," అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఆవిడ టిఫిన్ డబ్బాలో సగం ఎప్పుడూ నాదే. నా మొదటి పరిశోధనను పెద్దలు చీల్చి చెండాడుతుంటే, లేచి నిలబడి నా తరపున గంటసేపు వాదించారు. అమ్మ పోయాక నన్ను ఏకవచనంలో పిలిచే మనిషి ఆవిడొక్కరే మిగిలారు.

గట్టు మీద హోటళ్ళు లేవు. వచ్చినవాళ్ళకి వంతులవారీగా ఎవరో ఒకరు చోటిస్తారు. ఈసారి వంతు నూకరత్నం గారిది. నలభై దాటిన మనిషి, మాట పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. నేను తలుపు తట్టకముందే నా పెట్టె లోపల పెట్టేసింది.

"తడిబట్టలు మార్చుకోండి ముందు. మా ఆయనండి, వీర్రాజు. ఉప్పు పారలకి పిడులేత్తాడు. నడుం నొప్పని మడిలోకి దిగడు."

మూలన చాప మీద కూర్చుని కర్ర చెక్కుతున్న బక్కపలచటి మనిషి తలెత్తి, "నడుమేనండి," అని నవ్వాడు.

జ్యేష్ఠ శుద్ధ దశమి

తెల్లవారకముందే గట్టు లేస్తుంది. ఎండ ముదిరేలోపు మడుల్లో ఉప్పు లాగి కుప్పలు పెట్టాలి. నేనూ ఒకరోజు దిగాను. పార ఎత్తిన కాసేపటికే కళ్ళు బైర్లు కమ్మి కూర్చున్నాను. ఆడవాళ్ళంతా పనాపి చూశారు. "కొండోళ్ళు పార ఎత్తితే ఇలాగే ఉంటాదే," అని ఎవరో అంటే మడంతా గొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది.

పొద్దునా సాయంత్రం కూత వేస్తారు. ఆ కూతకి అందరూ గట్టు మధ్యనున్న స్తంభం దగ్గరికి రావాలి. చేతికున్న నాడికట్టు నుంచి గుండె చప్పుడు స్తంభానికి, అక్కణ్ణుంచి కొండనగరానికి పోతుంది. చప్పుడులో తేడా ఉంటే విశ్రాంతి. పని లేదు, తిండికి లోటూ లేదు. విశ్రాంతులు మితిమీరితే ఆరామం. అంటే కొండమీద చల్లటి వైద్యాలయం. నయమయ్యేదాకా ఉంచుకుంటారు. ఈ చట్టం రాసినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. మనుషులు ఎండకి మడుల్లోనే కుప్పకూలిపోతున్న రోజుల్లో, ఎలాగైనా ఆపాలని రాశారు.

ఈ వారం చప్పుళ్ళన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. దగ్గినప్పుడు గుండె ఒక్కసారి ఎగిరిపడుతుంది, గీతలో అది ముల్లులా కనిపిస్తుంది. నిన్న సాయంత్రం కూతప్పుడు నలుగురి గీతల్లో అదే క్షణాన అదే ముల్లు. నలుగురూ ఒకేసారి దగ్గారా? లేక ఒకరే దగ్గారా?

ఇవాళ ఉండబట్టలేక అడిగేశాను. "నూకరత్నం గారూ, ఇంత ఉక్కలో ఆ పొడుగుచేతుల జాకెట్టేమిటండీ?"

"ఎండకండి."

"వంటింట్లో ఎండేది?"

ఆవిడ పొయ్యి మీద గిన్నె దించి, వీర్రాజు వైపు చూసింది. ఆయన కర్ర చెక్కడం ఆపాడు. అప్పుడు ఆవిడ జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. మణికట్టు నుంచి మోచేతిదాకా, గాజుల్లా నాడికట్లు. ఉప్పుగాలికి కొక్కేలు తుప్పుపట్టి ఊడిపోతున్నాయని, గుడ్డపట్టీలతో కట్టుకోవచ్చని సమితే అనుమతిచ్చింది. ఆ పట్టీలే ఇవి.

"చేబదులండి," అంది. "పంచదార బదులిచ్చుకోమా? కాపీపొడి బదులిచ్చుకోమా? ఇదీ అంతే. నాకు గుండె కాసింత ఎక్కువే ఇచ్చాడు దేవుడు. కూత ఏసినప్పుడు లేనోళ్ళకి ఓ పూట ఇత్తాను."

"బదులుగా వాళ్ళేమిస్తారు?"

"సేబదులుకి వడ్డీ ఏటండి?" అని నవ్వి, వెంటనే మొహం ముడుచుకుంది. "ఇందులో మా ఆయనదీ ఉంది. నడుం కాదండి. గుండే. పోయిన ఏసంగిలో మడిలో పడిపోయాడు."

"చెబితే వైద్యం చేస్తారు కదండీ," అన్నాను. అన్నాక ఎంత తెలివితక్కువగా ఉందో నాకే తెలిసింది.

వీర్రాజు చాలా మర్యాదగా చెప్పాడు. "మా అన్నయ్యని ఆరామానికి తీస్కెళ్ళి రెండు ఏసంగులైందండి. మారాజులా ఉన్నాడంట. మూడుపూటలా తిండి, సల్లటి గది. పరీచ్చ సేసినప్పుడల్లా ఇంకా నయం కాలేదంటారంట. మొక్కలకి నీల్లు పోత్తా కూకున్నాడు. ఎల్లినోల్లు ఒక్కల్లూ తిరిగి రాలేదండి. నేను మా ఆవిడని ఒదిలి ఉండలేను. దీని వంట బాగోదు, అయినా ఉండలేను."

నూకరత్నం ఆయన మీదికి గరిట విసరబోయి, ఆగి, నా వైపు తిరిగింది. "సూసేశారు. ఇక మీ ధర్మం. మా ఆయన్ని ఇల్లు కదలనియ్యకండి. అంతే."

"ఎవరి పేరూ ఎక్కడా రాయను. మాటిస్తున్నాను," అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి, వంటలో పడిపోయింది. ఆ పట్టుకి నా వేళ్ళు చాలాసేపు నొప్పెట్టాయి.

జ్యేష్ఠ బహుళ షష్ఠి

ఆరామానికి వెళ్ళినవాళ్ళు ఎందుకు తిరిగి రావడం లేదో తెలిసింది.

ఏది మంచి గుండె, ఏది కాదు అని తేల్చే ప్రమాణం ఒకటుంది. అది ఎవరి గుండెల మీద కట్టారా అని పాత కాగితాలు తిరగేశాను. కొండనగరం ఉద్యోగుల మీద కట్టారు. ఎండ ఎరగనివాళ్ళు, తీపినీళ్ళు తాగేవాళ్ళు. తరాలుగా ఉప్పులో ఎండలో పెరిగిన గుండె తీరే వేరు. వైద్యం చేశాక కూడా అది కొండ గుండెలా కొట్టుకోదు. గట్టు మీద కూత వేళ పైపైన చూసి వదిలేస్తారు గాని, ఆరామంలో అచ్చం అలాగే కొట్టుకోనంతకాలం నయం కానట్టే లెక్క. వీర్రాజు అన్నయ్య ఏనాడో బాగుపడి ఉండవచ్చు. ఆ సంగతి ఒప్పుకునే కొలబద్ద సమితి దగ్గర లేదు.

వీర్రాజు కాళ్ళు వాస్తున్నాయి. నూకరత్నం రోజూ వేడినీళ్ళతో కాపడం పెడుతోంది. ఆ వాపుకి పూటకో మాత్ర చాలు. ఆ మాత్ర అడగాలంటే జబ్బుందని చెప్పాలి, చెబితే పడవెక్కించేస్తారు. ఇంత చిన్న సంగతికి ఒక మనిషి ప్రాణం పణంగా పెట్టాలా?

కోపం నాకు మంచి ఇంధనం. కూర్చుని నివేదిక రాసేశాను. గట్టు మనుషులకు గట్టు మనుషుల ప్రమాణమే పెట్టండి. మందుల్ని పడవ మీద గట్టుకి పంపండి. ఇష్టం లేనివాళ్ళని ఆరామానికి తరలించకండి. జబ్బు దాస్తున్నారంటే అది వాళ్ళ దొంగబుద్ధి కాదు, మన చట్టం పెట్టిన భయం. ఇంతకన్నా సూటిగా నేనెప్పుడూ రాయలేదు.

నా కొలత పెట్టె నుంచి నేరుగా ఇందుమతి గారికే పోయే తెర మీద, వీర్రాజు సంగతితో సహా మాట్లాడాను. అంతా విని కళ్ళద్దాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

"నీ జీవితంలో ఇదే గొప్ప పని తల్లీ. కానీ ఆ ముసలాళ్ళు ఊరికే నమ్మరు. ఒకే గుండె నలుగురి పేరున వస్తోందని ఎలా పట్టావో అది కూడా రాసి పంపించు. అనుబంధంగా."

"అది అవసరమా మేడమ్? ఆ పద్ధతి వాళ్ళ చేతికిస్తే..."

"రుజువు లేకపోతే నీ నివేదిక కథలా ఉంటుంది. అందులో పేర్లు ఉండవు కదా?"

"ఉండవు."

"మరింకేం? వీర్రాజుకి మాత్ర అందాలంటే ఇదొక్కటే దారి."

అనుబంధం రాశాను. దగ్గుముల్లు దగ్గర మొదలుపెట్టి, ఒకే గుండె నుంచి వచ్చిన చప్పుళ్ళని ఎలా విడదీయవచ్చో వరసగా, ఎవరికైనా అర్థమయ్యేట్టు. ఆఫీసులో నాకు స్పష్టంగా రాస్తానని పేరు.

ఆషాఢ శుద్ధ ద్వాదశి, కొండనగరం

ఇవాళ సమితి సమావేశం. ఇందుమతి గారు నా పక్కనే కూర్చున్నారు. నా చీర కుచ్చిళ్ళు సర్దారు కూడా.

అధ్యక్షుడు నా నివేదికని ఆకాశానికెత్తాడు. "ఇన్నాళ్ళూ గట్లవాళ్ళు మన కళ్ళల్లో దుమ్ము కొట్టారు. నీరజాక్షి గారు ఆ దుమ్ము తుడిచారు," అన్నాడు. తెర మీద పేజీలు తిరిగాయి. మొదటి పేజీ అనుబంధం. రెండో పేజీ అనుబంధం. చివరిదాకా అనుబంధమే. ప్రమాణం గురించి రాసింది లేదు, మందుల పడవ లేదు, భయం అన్న మాట లేదు. అట్టడుగున ఒక్క వాక్యం: మిగతా సిఫారసులు తగిన సమయంలో పరిశీలించబడును.

ఆ పద్ధతిని ఈ పౌర్ణమి నుంచి అన్ని గట్ల మీదా అమలు చేస్తారట. దానికొక పేరు కూడా పెట్టారు. 'నీరజాక్షి జల్లెడ'. చప్పట్లు కొట్టారు. నేను లేచి, "ఇది నేను రాసింది కాదు," అన్నాను. చప్పట్లలో వినపడలేదు, గట్టిగా ఇంకోసారి అన్నాను. అధ్యక్షుడు ముచ్చటపడి, "ఆవిడ వినయం చూడండి," అన్నాడు. మళ్ళీ చప్పట్లు.

ఇందుమతి గారు కూడా కొట్టారు. అది నేను నా కళ్ళతో చూశాను.

సమావేశం కాగానే ఆవిడ గదిలోకి వెళ్ళి తలుపేశాను. ఆవిడ డబ్బా తెరిచి, నా వాటా మూతలో పెడుతున్నారు.

"ఆ పేరు పెట్టమన్నదెవరు?"

"నేనే. నీ పేరు నిలబడాలని."

"నా నివేదిక మొత్తం మీరు చదివారా?"

"రెండుసార్లు చదివాను. ఏడ్చాను కూడా." ఆ మాట నిజమే అయి ఉంటుంది. అదే నాకు మరీ మంట.

"మరి దాన్ని కోసి పారేసిందెవరు?"

ఆవిడ చెంచా కింద పెట్టారు. "నేనే కోశాను. మొత్తం పెడితే మొత్తం తోసేసేవాళ్ళు. దొంగలెక్కల మీద కొత్త ప్రమాణం కట్టమంటే ఎవరు ఒప్పుకుంటారు చెప్పు? ముందు లెక్కలు శుభ్రం కావాలి. జల్లెడ ముందు, పడవ తరవాత."

"ఆ తరవాత ఎప్పుడు?"

"నేను ఎలాగూ రిటైరై దిగిపోతున్నాను కదా. ఈ కుర్చీ నీదే. అధ్యక్షుడితో మాట్లాడేశాను. కూర్చున్నాక నువ్వే పంపించుకో నీ పడవ."

"వీర్రాజు గుండె అప్పటిదాకా ఆగదు మేడమ్. నేను వాళ్ళకి మాటిచ్చాను."

"పేర్లు రాయననే కదా? రాయలేదుగా," అన్నారు. చాలా మృదువుగా, నాకు పరీక్షలో సాయం చేస్తున్నట్టు.

నా మాటే తీసి నా నోట్లో కుక్కారు. పేర్లు దాచానని మురిసిపోయాను. జల్లెడకి పేర్లతో పనేముంది? గుండెలు చాలు. ఈ సంగతి నాకు తట్టలేదు సరే, నాకు లెక్కలు నేర్పిన మనిషికి తట్టలేదా? తట్టింది. అనుబంధం అడిగిన రోజునే తట్టింది. కళ్ళు తుడుచుకుంటూనే అడిగారు.

ఆ మూతలో పులిహోర అలాగే వదిలేసి వచ్చేశాను. నన్ను నిలువునా ముంచిన మనిషి మీద అరవలేకపోయాను. తలుపు కూడా మెల్లిగానే వేశాను. చిన్నప్పటి మర్యాద ఇంత పనికిమాలినదని ఇవాళే తెలిసింది.

ఆషాఢ పౌర్ణమి

రెండురోజులుగా సభ్యుల గుమ్మాలు పట్టుకు తిరిగాను. అసలు నివేదిక చేతికిస్తే ఒకాయన బరువు చూసి పక్కన పెట్టాడు. ఇంకొకావిడ మంచినీళ్ళిచ్చి, "మీ జల్లెడ బ్రహ్మాండం," అంది. పోనీ నా పేరైనా తీసెయ్యమని దరఖాస్తు పెట్టుకున్నాను. పొద్దున జవాబొచ్చింది, ప్రధాన పరిశోధకురాలిగా నియమిస్తున్నామని. తూముగట్టుకి కబురు చేద్దామంటే, గట్ల మాటలన్నీ సమితి స్తంభం మీదుగానే పోతాయి. జాగ్రత్త పడండి అని దొంగని పట్టేవాడి చెవిలో చెప్పినట్టే.

సాయంత్రం కూత వేళకి ఆఫీసులో అందరూ తెర ముందు చేరారు. నేను మెట్ల మీద కూర్చున్నాను. లోపల్నుంచి "వచ్చాయి, వచ్చాయి" అని వినపడింది. మిఠాయి పంచుతున్న కుర్రాళ్ళకి నేను బయట ఎందుకు కూర్చున్నానో అర్థం కాలేదు.

ఆషాఢ బహుళ చవితి

నూకరత్నం మాట్లాడింది. తెర మీద కాదు, ఉత్త గొంతే. నా మొహం చూడటం ఇష్టం లేక తెర వద్దందేమో.

"మా ఆయన్ని తీస్కుపోయారండి," అంది.

నేనేదో అనబోయాను.

"పున్నమి నాటి కూతకి స్తంభం మీద పేర్లు పడ్డాయండి. మా వరసలో సగం ఇళ్ళవి. మర్నాడే పడవొచ్చింది. సొక్కా తొడుక్కోడానికి కూడా కంగారెట్టేశారు. పేర్లు రాయనన్నారు కదండి మీరు."

"రాయలేదు నూకరత్నం గారూ. ఒట్టేసి చెబుతున్నాను. ఒక్క పేరు కూడా రాయలేదు."

"మరెలా తెలిసిందండి?"

చెప్పాను. గుండె చప్పుళ్ళు పోల్చే పద్ధతి రాశానని, దానికి పేర్లు అక్కర్లేదని, నేను రాసిన మిగతాదంతా తీసేశారని. ఎంత చెప్పినా నా చెవులకే వకీలు మాటల్లా వినపడ్డాయి. ఆవిడ మధ్యలో అడ్డురాలేదు.

"అంటే మీరు మాట తప్పలేదు," అంది చివరికి.

"లేదండి."

"మరి మా ఆయన ఇంట్లో లేడేటండి?"



"నేనూ కూడా ఎల్తానని పడవెక్కానండి," అని ఆవిడే అందుకుంది. "దింపేశారు. నా గుండె మరీ బాగుందంట. అక్కడ రోగం ఉన్నోళ్ళకే సోటంట."

అంతే, పెట్టేసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కాస్త ఊపిరాడేది. వీర్రాజు ఇప్పుడు చల్లటి గదిలో ఉన్నాడు. పూటకో మాత్ర ఇస్తూనే ఉంటారు. కాళ్ళ వాపు తగ్గుతుంది, గుండె కుదుటపడుతుంది. ఆయన ఎంత బాగుపడినా ఆ ప్రమాణం ఒప్పుకోదు. నాకది ఈ రాజ్యంలో అందరికన్నా బాగా తెలుసు.

నియామకపు కాగితం వెనక్కి పంపాను, దానితోపాటు రాజీనామా. ఇందుమతి గారు గుమ్మందాకా వచ్చి, "ఆవేశపడకు తల్లీ," అన్నారు. ఇకనుంచి నన్ను అలా పిలవద్దని చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది. నాకు ఏ మాత్రం తృప్తి కలగలేదు.

శ్రావణ శుద్ధ షష్ఠి, మొగగట్టు

కొలత పెట్టె సమితిది, ఇచ్చేశాను. నా దగ్గరున్నవి రెండు వేళ్ళు, ఒక గడియారం. నాడి చూడటానికి వెనకటివాళ్ళకి అవే ఉండేవి.

చెయ్యాల్సింది ఒక్కటే. ఆరోగ్యంగా ఉన్న గట్టు మనుషుల నాడులు, వాళ్ళ ఇష్టంతో, చాలామందివి తీసుకోవాలి. వాటి మీద వేరే ప్రమాణం కట్టి న్యాయపీఠం ముందు పెట్టాలి. పీఠం ఒప్పుకుంటే ఆరామంలో ఉన్నవాళ్ళని మళ్ళీ కొలవక తప్పదు. వీర్రాజు ఇంటికొచ్చే దారి నాకిదొక్కటే తోచింది.

ముందు తూముగట్టుకే వెళ్ళాను. మెట్ల మీద మనుషులున్నారు. పడవ కట్టడానికి ఒక్కరూ తాడు వెయ్యలేదు. నూకరత్నం పై మెట్టు మీద నిలబడి ఉంది. పొట్టిచేతుల జాకెట్టు వేసుకుంది, చేతికి ఒకటే కట్టు. పోటు వెనక్కి తిరిగేదాకా అలాగే చూసి, ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. పడవవాడు ఈసారి నాతో వేళాకోళమాడలేదు.

మొగగట్టు ఇంకా దక్షిణాన, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర. ఇక్కడ నన్ను ఎరిగినవాళ్ళు లేరు. మొదటి ఇంటి అరుగు మీద ఒక పెద్దావిడ ఎండుచేపలు తిరగేస్తోంది. ఎండన పడి వచ్చానని లేచి నీళ్ళు తెచ్చిచ్చింది. తీపినీళ్ళు, నిండుగా, పెద్ద గ్లాసుతో. గట్టు మీద మనిషికింతని కొలిచి ఇచ్చే వాళ్ళ రోజు వాటాలోంచి తీసినవి. పేరు లోవమ్మ అని చెప్పింది.

"నాడి సూడ్డానికొచ్చారా? నీరజాక్షి పంపిందా?" అంది నా కొండనగరం వాలకం చూసి, ఉన్నట్టుండి.

గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది. "ఎవరామె?"

"ఎరగరా? రోజూ కూతతోపాటు వత్తాదండి అది. కంటికి అవుపడదు. ఎవరి గుండె ఎవరిదో ఇట్టే సెప్పేత్తాది. మా మరిదిని అదే తీస్కుపోయింది. ఆ పక్కింటి పిల్లని తీస్కుపోయింది, పెళ్ళికుదిరిన పిల్ల. మా మనవరాలు అన్నం తినకపోతే నీరజాక్షి వత్తంది అంటే సాలు, గబగబా మింగేత్తాది."

నేను సమితి మనిషిని కానని చెప్పాను. ఎందుకొచ్చానో చెప్పాను. గట్టు మనుషుల గుండె తీరు వేరని, అది రుజువు చేస్తే వెళ్ళినవాళ్ళు తిరిగి రావచ్చని. లోవమ్మ చేపలు వదిలేసి పూర్తిగా నా వైపు తిరిగి విన్నది.

"మా మరిది తిరిగొత్తాడా?"

"రావచ్చండి. మాటివ్వలేను. ప్రయత్నం చేస్తాను."

"మాటియ్యకపోవడమే మంచిదిలెండి," అని, చేతులు కడుక్కుని, చీరకొంగుకి తుడుచుకుని, మణికట్టు నా ముందు పెట్టింది. "సూడండి. మా వరసంతా పిలుత్తాను. అందరూ ఇత్తారు."

వేళ్ళు పెట్టాను. నిదానంగా, బరువుగా కొట్టుకుంటోంది. కొండమీద ఏ పుస్తకంలోనూ లేని చప్పుడు. ఎన్నాళ్ళ తరవాతో నాకు ప్రాణం లేచొచ్చింది.

"మీ పేరేటమ్మా?"

అమ్మ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పేరు చెబితే ఈ వరసంతా నా చేతికొస్తుంది. వాళ్ళు తెలియక నమ్ముతారు, నేను తెలిసి తీసుకుంటాను. ఇందుమతి గారు కూడా వీర్రాజు కోసమేనని చెప్పి అడిగారు.

"నీరజాక్షి," అన్నాను.

లోవమ్మ నా మొహం చూసింది. నా చెంప మీద జాలిగా రెండో చెయ్యేసింది. "అయ్యో. దాని పేరే ఎట్టారా మీకు? లచ్చణమైన పేరండి, అదొచ్చి పాడుసేసింది. ఏ గట్టుకెళ్ళినా మీకు తిప్పలే కదమ్మా. మార్చేసుకోకూడదా?"

ఆవిడ నాడి ఇంకా నా వేళ్ళ కిందే ఉంది.

"అది నా పేరే లోవమ్మ గారూ. ఆ జల్లెడ కట్టింది నేనే."

మాట అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అర్థమైన క్షణం నా వేళ్ళకి తెలిసింది. చప్పుడు గబగబా పెరిగింది, నా లెక్క తప్పింది. లోవమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. మణికట్టు మీద నా వేళ్ళు పెట్టిన చోట కొంగుతో తుడుచుకుని, చేపల దగ్గరికి వెళ్ళి అటు తిరిగి కూర్చుంది.

లేచాను. గ్లాసు అరుగు మీద పెట్టబోయాను.

"ఆ నీళ్ళు తాగేసెల్లండి," అంది వెనక్కి చూడకుండా. "ఎండగా ఉంది."

తాగాను.